పోస్టులో వచ్చిన గోంగూర

1. నిన్న టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో గోంగూర కొన్నాను.
2. ఇల్లు చేరేలోపు కారంతా ఆ పచ్చి వాసన నిండింది.
3. ఎనిమిదేళ్ల వయసులో నేను మా అమ్మ చేత చెప్పించిన ఒక అబద్ధం గుర్తుకు వచ్చింది.

మిషిగన్‌లోని ట్రాయ్‌లో నాతో పెరిగిన మిత్రులారా, అప్పట్లో మన దుకాణాల్లో గోంగూర దొరికేది కాదు, గుర్తుందా? ఫ్లోరిడాలో పొలం ఉన్న శేషయ్య గారు ఆకును తడి న్యూస్‌పేపర్‌లో చుట్టి, అట్టపెట్టెలో మన ఇళ్లకు పోస్టు చేసేవారు. పెట్టె తెరవగానే తడిసిన కాగితం, మట్టి, ఆకు కలిసిన వాసన వచ్చేది. ఆకు పాడైందని ఒక్కరు చెప్పినా చలికాలంలో మిషిగన్‌కు పంపడం మానేస్తానని ఆయన ముందే అన్నారు.

ఒక జనవరిలో, స్కూలు నుంచి రాగానే గుమ్మం బయట ఉండే గోంగూర పెట్టెను లోపల పెట్టమని అమ్మ నాకు చెప్పింది. నేను మంచులో ఆడుతూ మరిచిపోయాను. ఆకంతా గడ్డకట్టి నల్లబడింది. ఆ సాయంత్రమే శేషయ్య గారు ఫోన్ చేశారు.

"ఆకు ఎలా వచ్చిందమ్మా?"

అమ్మ నా వైపు చూసింది.

"ఇప్పుడే కోసినట్టుందండీ. వచ్చే నెల రెండు కట్టలు ఎక్కువే పంపండి."

ఫోన్ పెట్టేసి, ఆ నల్లటి ఆకునే నూనెలో మగ్గించి పచ్చడి చేసింది. నా కంచంలో ఇంత వడ్డించి, "బాగుందని చెప్పేశాం కదరా, ఇక బాగానే ఉండాలి. తిను," అంది.

ఇద్దరం గిన్నె ఖాళీ చేశాం.

ఉదయం 7:40
కొత్తలంక భాస్కర శ్రీనివాస్