నోటి దగ్గర ఆగిన ముద్ద

ఆ రోజుల్లో మా ఉద్దానం వైపు పెద్దవాళ్ల లెక్కలో ఇంటర్నెట్ అంటే పలాసలో ఒక మేడ మీది గది. అందులో ప్రపంచమంతా ఉంటుందని చెబితే నమ్మేవారు కాదు. కాలేజీ కుర్రాళ్లు బస్సెక్కి వెళ్తారు, తెరల చాటున కూర్చుంటారు, కళ్లు ఎర్రజేసుకుని తిరిగొస్తారు; అంతకన్నా తెలుసుకోవలసింది ఏముందని వాళ్ల ధీమా. మా అమ్మమ్మకైతే సారా కొట్టు కన్నా దాని మీదే అనుమానం ఎక్కువ. (సారా కొట్టుకు తెరలుండవు, ఎవరు కూర్చున్నారో దారిన పోయేవాళ్లకైనా కనిపిస్తుంది అనేది.) అలాంటి అమ్మమ్మ జరీ అంచు చీర కట్టుకుని ఆ మేడ మెట్లెక్కిన రోజును తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, ఆ వెనకే, దేవుడికి ఒక దండం పెట్టుకోవాలనిపిస్తుంది.

ఆవిణ్ణి ఎక్కించింది నా పెళ్లి. అమ్మానాన్న లేని నన్ను పెంచింది అమ్మమ్మా తాతయ్యలే. చిన్నప్పుడు నాకు మోకాళ్ల జబ్బు చేస్తే బడి మాన్పించి తాతయ్యే ఇంట్లో చదువు చెప్పాడు. ఆయన పోయాక నా మంచిచెడ్డలన్నీ అమ్మమ్మవే. పోర్టుబ్లేరులో ఓడల మరమ్మతు పని చేసే అబ్బాయి సంబంధం వచ్చింది. ఫొటో చూసి నేను మనసులో సరేననేసుకున్నాను (పైకి మాత్రం "మీ ఇష్టం" అన్నాను, ఏం చేస్తాం). అతను రావాలంటే సెలవు దొరకాలి, ఓడ దొరకాలి. ఇటు పెద్దమావయ్య టెక్కలి బియ్యం కొట్టు సంబంధం పట్టుకొచ్చి, శుక్రవారంలోగా మాట చెప్పమని కూర్చున్నాడు. ఆ కొట్టు అబ్బాయి అప్పటికే మా ఇంట్లో భోంచేసి, ఆకు శుభ్రంగా ఖాళీ చేసి, అమ్మమ్మ పరీక్ష నెగ్గాడు కూడా. ఎందుకంటే మనిషిని అన్నం దగ్గర చూడాలన్నది అమ్మమ్మ శాస్త్రం. మాటలు నేర్చుకోవచ్చు, బట్టలు అరువు తెచ్చుకోవచ్చు, ముద్ద ఎత్తే తీరు మాత్రం దాగదట. పోర్టుబ్లేరు అబ్బాయి మంచివాడని చిన్నమావయ్య ఎంత చెప్పినా ఒకటే మాట: "ఫొటో అన్నం తింతాదేటిరా?"

పలాస జీడిపప్పు ఫ్యాక్టరీలో గుమాస్తాగా చేసే చిన్నమావయ్య ఆ మాటనే పట్టుకున్నాడు. నెట్ సెంటర్లో కెమెరా ఉంటుంది, ఇక్కడ మనం, అక్కడ అతను, ఎదురెదురుగా కూర్చున్నట్టే, తింటుంటే చూడవచ్చు అన్నాడు. అమ్మమ్మ రెండు రోజులు ఆలోచించింది. రావివలస ఎండల మల్లన్నకు మొక్కుకుంది. గురువారం పొద్దున వర్జ్యం లేని వేళ చూసుకుని ముగ్గురం బస్సెక్కాం. అంటే, శుక్రవారానికి ఇంకొక్క రాత్రే మిగిలింది.

ఆ సెంటరు నడిపే ఆయన ఒకప్పుడు టైపు నేర్పేవాడు. మిషన్లు తీసేసి కంప్యూటర్లు పెట్టినా అందరూ మాస్టారనే అనేవారు. గుమ్మం దగ్గరే చెప్పులు బయట విప్పమన్నాడు. అమ్మమ్మ ముఖం వెలిగింది. చెప్పులు విప్పించే చోటు చెడ్డది కాదని నా చెవిలో చెప్పి, లోపలికి వెళ్లగానే తెరలన్నీ పక్కకు లాగించింది. లోపల ఉన్న కుర్రాళ్లు ఒక్కసారిగా బుద్ధిమంతులైపోయారు.

ఆ రోజు మైకు పలకలేదు. మాస్టారు మా మాటలు టైపు చేస్తూ, అటునుంచి వచ్చినవి చదివి వినిపించాడు. అతను డ్యూటీ నుంచి నేరుగా అక్కడి నెట్ సెంటరుకు వచ్చాడు, ఇంకా భోంచేయలేదు, క్యారేజీ దగ్గరే ఉంది. (ఇది చిన్నమావయ్య ఏర్పాటే అయి ఉంటుంది, నేను అడగలేదు.) "అయితే ఇక్కడే తినమను. నానుండగా పస్తేటి?" అంది అమ్మమ్మ. పాపం, అతను సిగ్గుపడుతూనే క్యారేజీ విప్పాడు. అన్నం కలిపాడు. ముద్ద ఎత్తాడు. సరిగ్గా నోటి దగ్గరికి వచ్చేసరికి బొమ్మ ఆగిపోయింది. చేయి గాల్లో, తల కాస్త వంగి, కళ్లు సగం మూసుకుని.

మేమందరం కంప్యూటర్ తెర వైపే చూస్తున్నాం. అమ్మమ్మ నెమ్మదిగా కుర్చీలోంచి లేచి చేతులు జోడించింది.

"సూడే గుంటా, ముద్ద ఎత్తి దేవుణ్ణి తలుసుకుంతన్నాడు."

లైను స్లోగా ఉందమ్మా, బొమ్మ అతుక్కుపోయింది అంటూ మాస్టారు మౌసు మీద చేయి వేయబోయాడు. "నువ్వుండు బాబూ. దండం ఎట్టుకుంతన్నోడిని కదపకూడదు." ఆ గొంతుకు మాస్టారు చేయి తీసేశాడు. పక్క కుర్రాళ్లు కూడా లేచి నిలబడ్డారు. అతను మాత్రం కదలడు. అంతసేపు అన్నం ముందు ప్రార్థన చేసే మనిషి మూడు జిల్లాల్లో ఉండడు. చివరికి బొమ్మ కదిలేసరికి క్యారేజీ గిన్నె ఖాళీ, అతను చేయి కడుక్కుని వస్తున్నాడు. ఒక్క మెతుకు ఒగ్గలేదని అమ్మమ్మ మురిసిపోయింది.

తిరుగు బస్సులో, ఎంతైనా నిజం చెప్పాలని చిన్నమావయ్య మొదలుపెట్టాడు. అది ప్రార్థన కాదమ్మా, నెట్టు ఆగిందంతే అన్నాడు. అమ్మమ్మ కిటికీలోంచి జీడి తోటల మీది చూపు తిప్పకుండానే అడిగింది.

"నెట్టు ఆగిందనే సెప్పు. గిన్నెలో సెయ్యున్నప్పుడు ఆగిందా? నమిలేటప్పుడు ఆగిందా? ముద్ద నోటికాడికొచ్చి ఆగింది. ఆడ ఆపినోడెవుడ్రా?"

టెక్కలి వాళ్లకు వద్దని ఆ సాయంత్రమే కబురు వెళ్లింది.

పెళ్లయ్యాక మా ఇంట్లో అల్లుడి మొదటి భోజనం. అమ్మమ్మ ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది, నేను తలుపు వెనక. నెయ్యి వడ్డించేలోగానే ఆయన రెండు ముద్దలు మింగేశారు. దేవుడి ఊసే లేదు. నేను నేల చూపులు చూస్తున్నాను. అమ్మమ్మ నా వైపు ఒకసారి చూసి, నెయ్యి ఇంకాస్త ఒంపింది. "ఆకలేసుంతాది పాపం. ఆ రోజు ఎట్టుకున్న దండం చానాళ్లకి సరిపోద్దిలే."

తర్వాత ఆ సంగతంతా ఆయనకు చెప్పాను. పగలబడి నవ్వుతారనుకుంటే నవ్వలేదు. మర్నాటి నుంచి మొదటి ముద్ద నోటి దగ్గర ఒక్క క్షణం ఆపడం అలవాటు చేసుకున్నారు. అమ్మమ్మ పోయి చాలా ఏళ్లయింది. ఇప్పటికీ ఆపుతారు.

ఇప్పుడు మా అమ్మాయి హాస్టల్ నుంచి ఫోన్లో కనిపిస్తూ మాట్లాడుతుంది. మధ్యలో ఒక్కోసారి బొమ్మ ఆగిపోతుంది, కళ్లు సగం మూసుకుని. నా చేతులు వాటంతట అవే జోడవుతాయి. "అమ్మా, హ్యాంగ్ అయిందంతే, ఏం చేస్తున్నావు?" అని అటునుంచి గొంతు నవ్వుతుంది. తెలుసులేవే అంటాను. చేతులు మాత్రం దించను, అది మళ్లీ కదిలేదాకా.