సమ్మెట దెబ్బల ఆటవెలది

ఉదయం ఆరున్నరకు జడ్చర్లలో బస్సెక్కాను. ఆత్మకూర్‌లో పద్యాల పోటీ. నిరుడు ఇదే పోటీలో గణాల పేర్లు చెప్పలేక వెనక్కొచ్చాను. ఆరో తరగతిలోనే బడికి సెలవిచ్చిన కమ్మరిని నేను. మా నాయిన చిన్నసుత్తి దెబ్బ ఒకటి, నా సమ్మెట దెబ్బలు రెండు. ఆ మూడింటి లెక్కలోనే ఆటవెలది నేర్చుకున్నాను. ఈసారీ ఉత్త చేతులతో వస్తే మా గల్లీలో "కవిగారూ" అనే ఎగతాళి ఆగదు. వాళ్లను ఎగతాళి చేసి చేసి అందులో సగం నేర్పింది నేనే.

ఎనిమిదింటికి మహబూబ్‌నగర్‌లో బస్సు మారాలి. ఇడ్లీ అక్కడే తినండి, తర్వాత దొరికేది గాలే. దేవరకద్ర దాటాక ముందుసీటు రాడ్డు మీద నా చివరి పాదం కొట్టి చూసుకున్నాను: "కొడవలమ్మ నోటిలో కోత పాట." ఎక్కడో కుంటుతోంది.

"అన్నా, రాడ్డు ఊడితే నా జీతంల కోస్తరు," అన్నాడు కండక్టర్.

పక్కసీట్లో నాట్లేసే అవ్వ ఒకామె వింటోంది. "కొడుకా, గా 'లో' కాడ కాలు బురదల దిగవడ్డది. గది తీసెయ్. నాట్లల్ల గట్ల పాడితే అందరం ఎనకవడతం."

తీసేశాను. "కొడవలమ్మ నోట కోత పాట." మూడు లెక్కలకొకటి చొప్పున అయిదు దెబ్బలూ సమంగా పడ్డాయి.

"అవ్వా, నీకు ఛందస్సు వస్తదా?"

"గది రాదు బిడ్డా. నడుం నొప్పొస్తది."

పదకొండింటికి సభ. బడిలోనే పెట్టారు, నేను వదిలేసిన బడే నన్ను వెతుక్కుంటూ వచ్చినట్టు. పద్యం చదివాను. న్యాయనిర్ణేత పెద్ద పంతులు. "గణాలు చెప్పు," అన్నాడు. నిరుడు నన్ను వెనక్కి పంపింది ఈ ప్రశ్నే.

"పేర్లు తెల్వయి సారూ. దెబ్బలు ఇనుండ్రి." బల్ల మీద కొట్టాను.

ఆయన నమ్మలేదు. తన పద్యమొకటి చదువుతూ నన్ను దరువేయమన్నాడు. మధ్యలో నా చెయ్యి గాలిలో ఆగింది.

"సారూ, రెండో పాదంల ఒక అచ్చరం మింగిన్రు."

"కావాల్ననే మింగిన. పొద్దటి సంది ఒక్కరు పట్టలె," అని పకపకా నవ్వి, మొదటి బహుమతి నాకే ఇచ్చాడు. శాలువా కప్పుతూ, "నీ అయిదు దెబ్బల పేరు సూర్యగణాలు. యాదుంచుకో," అన్నాడు.

నాలుగింటి బస్సులో అదే కండక్టర్. శాలువా చూసి, "ఏమాయె అన్నా?" అన్నాడు.

"గెలిచిన."

"ఇగ రాడ్డు నీదే, కొట్టు!"

కొట్టాను. దేవరకద్ర వచ్చేసరికి బస్సంతా చప్పట్లు, అయిదూ సమంగా. ఈ దారిన పోయేవాళ్లకు నా సలహా ఒకటే: కిటికీ సీటు పోతే పోనివ్వండి, నాట్లేసే అవ్వ పక్కసీటు మాత్రం వదలకండి.