బోర్లా పడుకునే ఆట

"...అయినా చంటిపిల్ల పాకినట్టు బోర్లా పడుకుని పోయేది కూడా ఒక ఆటేనటే?" అంది, లాండ్రీలో పక్కబల్ల దగ్గర బట్టలు మడతపెడుతున్న అక్క.

"పాకితేనేం, ఒడ్డుకు చేరుతున్నానుగా," అంది చెల్లెలు, చొక్కా కాలరు మీద ఇస్త్రీపెట్టె తిప్పుతూ.

పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆమెది నిలువుకాళ్ల ఉద్యోగం. ఒక కాలు పీకితే బరువు రెండో కాలి మీదికి మార్చుకుంటుంది. ఆదివారం మాత్రం, బోర్లా పడుకుని అల మీద జారే పొట్టి బాడీబోర్డు చంకన పెట్టుకుని బస్సెక్కి సముద్రానికి పోతుంది. అల మీద నిలబడి జారే సర్ఫింగ్ బోర్డు కొనే స్తోమత లేక, నాలుగేళ్ల కిందట దీంతో సరిపెట్టుకుంది. అసలుది వచ్చేదాకా ఇది, అని అందరికీ చెప్పింది, తనకూ చెప్పుకుంది.

ఆ మాట గుర్తుంచుకున్న అక్క, లాండ్రీలో అలా ఎగతాళి చేసిన వారం తిరక్కుండా, ఎవరో వాడి వదిలేసిన సర్ఫింగ్ బోర్డు అడిగి తెచ్చింది. ఆదివారం చెల్లెలు పదిసార్లు పడి, పదకొండోసారి నిలబడింది. ఒడ్డున అక్క చప్పట్లు కొట్టింది. అల మాత్రం ఎక్కడో పాదాల కింద, నురగ మొహాన కొట్టనంత దూరంలో పోయింది. ఒడ్డుకొచ్చాక ఆమెకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. ఇన్నేళ్లు కోరుకున్నది చేతికందాక మనసు ఇలా బిక్కమొహం వేయడమేమిటో అంతుపట్టలేదు. బోర్డు అంత దూరం మోసుకొచ్చిన అక్క దగ్గరికొచ్చి ఆమె మొహంలోకి చూసింది.

"ఇంకా ఏం తక్కువైందే నీకు?"

"అదే తెలియడం లేదక్కా." ఆమె తడిజుట్టు పిండుకుంది. "వచ్చే ఆదివారం దీని మీద నువ్వు నిలబడు. నేను నా పాతదే తెచ్చుకుంటాను."