సరి అంటే సరే కాదు

తాండూరులో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీకి లెక్కల లెక్చరర్ కావాలన్నారని వికారాబాద్‌లో పొద్దుటి రైలెక్కి డెమో క్లాసు చెప్పడానికి వెళ్లాను. ఎమ్మెస్సీ అయ్యాక నాకు నచ్చిన పనికి పిలుపు రావడం అదే మొదలు. నలుగురి ముందు నా గొంతు పెగలదు. అందుకే ధైర్యం కోసం నాకు బాగా ఇష్టమైన పాఠం ఎంచుకున్నాను: మూడు ఆధారంగా సంఖ్యలు రాయడం.

అందులో సున్న, ఒకటి, రెండు తప్ప వేరే అంకెలుండవు. కుడి చివరి స్థానం విలువ ఒకటి, దాని ఎడమది మూడు, ఆపైన తొమ్మిది, ఇరవై ఏడు. అన్నీ బేసి సంఖ్యలే. కాబట్టి మనకు అలవాటైనట్టు చివరి అంకె చూసి సరో బేసో చెప్పలేం. అంకెలన్నీ కూడాలి, ఆ మొత్తం సరి అయితేనే సంఖ్య సరి. ఏ అంకెనూ వదిలేయడానికి వీల్లేదన్న ఆ నియమం చదివిన రోజు నాకెంత ముచ్చటేసిందో.

ఆ నియమం పిల్లలకు చెప్పి, బోర్డు మీద 11 అని రాశాను. "ఇది పదకొండు కాదు, మూడు ఆధారంలో రాసింది. సరి సంఖ్యా, బేసి సంఖ్యా?"

తెలుగు మీడియం క్లాసు. ముందు బెంచీలో ఒకమ్మాయి లేచింది. "సరి మేడం."

వెనక కుర్చీలో కూర్చున్న ప్రిన్సిపాల్ కామర్స్ సారు. "గదెట్ల బిడ్డా? చివర ఒకటి కనవడ్తలేదా?"

"ఒకటీ ఒకటీ కూడితే రెండు సార్. గందుకే సరి."

"ఓ పంతులమ్మా, కూసో ఇగ!" అని ఎవరో అంటే క్లాసంతా నవ్వింది.

ఆ పిల్ల కూర్చోలేదు. నా వైపు చూసింది. ఆమె చెప్పిందే నిజం: ఒక మూడు, ఒక ఒకటి, మొత్తం నాలుగు.

"బేసే కదమ్మా?" అని ప్రిన్సిపాల్ నన్నడిగారు.

"సరి సార్," అన్నాను.

సరి సంఖ్య అని నా ఉద్దేశం. నా గొంతు దాటి ఆయన చెవిని చేరేసరికి అది 'సరే సార్' అయిపోయింది.

"చూసినవా, మీ మేడం గూడ ఒప్పుకున్నది," అన్నారాయన తృప్తిగా.

అమ్మాయి కూర్చుంది. కాసేపటికి ప్రిన్సిపాల్ వాచీ చూసుకుని, "మంచిగనే ఉన్నది గని, జర గట్టిగ చెప్పాలమ్మా. ఫోన్ చేస్తం," అన్నారు. కోపంగా ఏమీ అనలేదు.

బోర్డు మీద నాలుగు గీతలు గీసి, రెండేసి జత కలిపి చూపిస్తే చాలేది. దానికి గొంతు కూడా అక్కర్లేదు. గేటు దాకా వెళ్లాక ఆ ఆలోచన వచ్చింది. వెనక్కి పరుగెత్తాను.

క్లాసులో అప్పటికే ఇంకొకాయన డెమో మొదలుపెట్టాడు. బోర్డు తుడిచేశారు. ఆయన గొంతు వరండా చివరిదాకా వినిపిస్తోంది. ఏదో సులువైన ప్రశ్న అడిగి, "ఎవరు చెప్తరు?" అన్నాడు. చేతులు లేచాయి. ముందు బెంచీ అమ్మాయి మాత్రం తల వంచుకుని కూర్చుంది. తలుపు దగ్గర నేను నిలబడటం ఆమె చూడనే లేదు.