అమ్మ ఏరిన సీసపు గుండ్లు

పాయింట్ కుక్‌లోని మా కొత్త ఇంట్లో మొన్న గ్యారేజీ తలుపు కిర్రుమంటుంటే బందులకు నూనె వేశాను. ఆ వాసన తగలగానే నార్తర్న్ టెరిటరీలోని నా చిన్నప్పటి వంటగది కళ్ళముందుకొచ్చింది: బల్లకు ఒక చివర కొత్త ఆవకాయ జాడీ, ఇంకో చివర పాత దుప్పటి మీద నూనె పట్టించిన అమ్మ తుపాకీ.

అమ్మ పశువైద్యురాలు. గుంటూరు నుంచి ఈ దేశం వచ్చి, మందలే తప్ప మనుషులు పెద్దగా కనిపించని ఆ చోట ఉద్యోగం చేసేది. గాయపడి మీదికొచ్చే అడవి దున్నలను కాల్చే పనీ ఆమెదే. ఆమెకు ముందున్న డాక్టరు వెళ్ళిపోతూ తన రెండు గొట్టాల పాత తుపాకీని ఆమె లైసెన్సు మీదికి మార్పించి ఇచ్చాడు.

వానలు వెనకబట్టి, మనిషెత్తు గడ్డి ఎండి, ఎక్కడో కాలే పొదల పొగ ఉతికిన బట్టలకు పట్టే రోజుల్లో అమ్మ గుండ్లు ఏరడానికి కూర్చునేది. ఖాళీ గొట్టంలోంచి మెత్తటి సీసపు ముద్దను కర్రతో మెల్లగా తోసి, గొట్టం లోపలి మెలికలకు దాని ఒంటిమీద పడిన గీతలు మా అక్కచెల్లెళ్ళకు చూపించి, వెర్నియర్‌తో కొలిచి, అంతకన్నా లావైన గుండును పక్కన పెట్టేసేది. రెండు గొట్టాలూ ఒకేచోట కొట్టాలంటే బరువూ కుదరాలని ఒక్కొక్కటే తూచేది. కాల్చేసిన తూటాల తొడుగులు ఊదుతూ మేం ఈలలు వేసేవాళ్ళం.

ఒకసారి బడి సెలవుల్లో, నాన్న స్నేహితుడు మూర్తి అంకుల్ పారమట్టా నుంచి మెరిసే రాగి గుండ్ల తూటాలు తెచ్చాడు.

"లేటెస్ట్ అమ్మా. డీప్‌గా దిగుతాయి."

"నిజమే అన్నయ్యా. కానీ ఈ గొట్టాలు పాతవి, పల్చనివి. సీసమైతే నలిగి గొట్టంలో సర్దుకుపోతుంది. గట్టి రాగి నలగదు, గొట్టమే ఉబ్బుద్ది."

"ఒక్కటి కాల్చి చూద్దాం."

"పిల్లల పక్కన పట్టుకునే తుపాకీ ఇది. వద్దు."

అంకుల్ చిన్నబుచ్చుకున్నాడు. మర్నాడు పొద్దున అంకుల్‌తో సహా మమ్మల్నందరినీ బండిలో ఎక్కించుకుని ఊళ్ళోకి బయల్దేరింది అమ్మ. దారిలో కాలు చితికిన దున్న ఒకటి గడ్డిలోంచి లేచి తిన్నగా మా మీదికొచ్చింది. అమ్మ తుపాకీతో దిగి నిలబడింది. మొదటి దెబ్బకు దున్న మోకాళ్ళమీద పడి మళ్ళీ లేచింది. రెండో గొట్టం మోగింది. బండికి బాగా దగ్గర్లో కూలింది. రాగి గుండ్లు వేసుంటే ఏమయ్యేదో నాకు తెలియదు. అంకుల్ మాత్రం మా తలలు ఒక్కొక్కటే తడిమి చూశాడు. మధ్యాహ్నం అమ్మ ఆవకాయ ముద్దలు కలిపి పెడుతుంటే, అంకుల్ కూడా మాతోపాటు చేయి చాచి తిన్నాడు.

ఆ ఇల్లు ఇప్పుడు లేదు. ఉద్యోగం మానేటప్పుడు అమ్మ తుపాకీని పోలీసులకు అప్పజెప్పింది. ఇప్పుడు ఆ రకం మెత్తటి గుండ్లు దొరకడమే అరుదట. ఈ మధ్య నా కూతురు ఆ దున్న సంగతి విని, అమ్మ ఒళ్ళో తలపెట్టుకుని, "వర్ యూ స్కేర్డ్, అమ్మమ్మా?" అని అడిగింది.

"భయం లేకపోతే అంతసేపు కూర్చుని గుండ్లు ఏరతానటే?" అంది అమ్మ.

మా చిన్నతనమంతా ఆ భయం సంగతి మాకు తెలియనివ్వలేదు.