ఉక్రెయిన్ సార్ విడవని పట్టు

మా జూడో సార్ పోయారు. ఉక్రెయిన్ నుంచి ఆయన కూతురు ఇంగ్లీషులో రాసిన ఉత్తరం గోదావరిఖని చేరేసరికే అక్కడ అన్నీ అయిపోయాయి. నాన్న పెట్టెలో నా చిరునామా దొరికిందని రాసింది. ఆ రోజు నాకు అన్నం సయించలేదు. ఏడవనూ లేదు. ఆయన మీద ఒక కోపం మిగిలిపోయింది, అదే ఏడవనివ్వలేదు.

బొగ్గుబాయిలో కొత్త యంత్రం బిగించడానికి వచ్చిన మనిషి ఆయన. కాలనీ అంతా రష్యా సార్ అనేది. "రష్యా కాదు, ఉక్రెయిన్" అని చెప్పీ చెప్పీ ఇక్కడున్న మూడేళ్లూ గడిపారు. తెలుగు బాయిలో మా బాపు జట్టు దగ్గర నేర్చుకున్నారు కాబట్టి అచ్చం మా మాటే. సాయంత్రాలు క్లబ్బు హాలులో గడ్డి కుక్కిన గోనెసంచులు పరిచి, పైన టార్పాలిన్ బిగించి జూడో నేర్పేవారు. మొదటి ఆర్నెల్లు పడటమే నేర్పారు. "మంచిగ పడుడొస్తె సగం జూడో వచ్చినట్టే, బిడ్డా" అనేవారు. మగపిల్లలు విసుగెత్తి మానేశారు, మేం నలుగురు ఆడపిల్లలం మిగిలాం.

ఆయన పోటీల గురించి అడిగితే, చిన్నప్పుడు బొగ్గు కార్మికుల క్లబ్బులో మొదలుపెట్టి, దేశం మొత్తం పోటీల్లో ఫైనల్ దాకా వెళ్లానని చెప్పేవారు. తర్వాతేమైందంటే "తర్వాత లేదు" అని లేచిపోయేవారు. ఒకనాడు బాపు పనినుంచి వచ్చి చెప్పాడు: "బాయిల కప్పు కింది దుంగ పటపట ఇరుగుతుంటె మేమంత ఉరికినం. సార్ ఆడ్నే బిగుసుక పోయిండు. చెయ్యి వట్టి గుంజుకొచ్చిన. ఏమైందో ఆయినెకు!"

అదేమిటో తెలియడానికి నేనొక తప్పు చేయాల్సి వచ్చింది. కరీంనగర్‌లో రాష్ట్ర జట్టుకు ఎంపిక. నాకెదురు సిరిసిల్ల పిల్ల, మరమగ్గం నడిపే ఆయన కూతురు. ఆమె మోచెయ్యి నా పట్టులో చిక్కింది. నొప్పి ఓర్వలేకపోతే అరచేత్తో రెండుసార్లు తట్టాలి; తడితే ఓడినట్టు. ఆ పిల్ల తట్టలేదు. "ఇడువు బిడ్డా, ఇడువు!" అని సార్ అరిచారు. నాకు వినపడింది, అబద్ధమెందుకు. ఇంకాస్త బిగించాను. ఎండుకట్టె విరిగినట్టు చప్పుడైంది.

గెలిచాను. సార్ నా మొహం చూడలేదు. ఆదివారం పొద్దున్నే ఇంటికొచ్చి "నడువు, సిరిసిల్ల పోదాం" అన్నారు. బస్సులో చెప్పారు. ఫైనల్‌కు ముందు పోటీలో ఆయనకు ఎదురైంది ఒకే గదిలో ఉండే దోస్తు. దోస్తు తట్టలేదు, ఈయన విడవలేదు, అక్కడా అదే చప్పుడు. మర్నాడు ఫైనల్‌లో ఎదుటివాడి అంగీ పట్టుకోవడానికి చేతులు రాక, ఊరికే నిలబడి ఓడిపోయారు. మళ్లీ ఎన్నడూ పోటీకి దిగలేదు.

"మరి మీ దోస్తు దగ్గరికి పోయిండ్రా సార్?"

"ఇంటి ముందట దాంక పోయిన. శాన సార్లు. తలుపు కొట్టలే."

నాకు ఒళ్లు మండింది. "గీ ముచ్చట ముందుగాల చెప్తె ఏం పోయేది సార్? నేను ఇడిచిపెడ్దును గద!"

"సిగ్గాయె, బిడ్డా" అన్నారు కిటికీలోంచి బయటికి చూస్తూ.

ఆ సిగ్గును నేను ఇప్పటికీ క్షమించలేదు. కానీ సిరిసిల్లలో నా చేత ఆ తలుపు కొట్టించింది ఆయనే. కట్టు కట్టిన చేత్తో వచ్చి తలుపు తీసిన పిల్ల నన్ను చూసి, "బాపు చూస్తుండె అక్కా, ఎట్ల తట్టాలె?" అని ఏడ్చింది. ఆ చెయ్యి మళ్లీ పూర్తిగా చాపడానికి రాలేదు. సార్ తన దేశం వెళ్లిపోయాక కూడా నేను ఆ ఇంటికి పోతూనే ఉన్నాను. పొయ్యిలోకి పుల్ల విరిచినా ఇవాళ్టికీ, ఆనాడు బాయిలో సార్‌లాగే, బిగుసుకుపోతాను.

సార్ కూతురికి జవాబు రాశాను. పోయిన వారం మళ్లీ ఉత్తరం వచ్చింది. సమాధి చేసిన రోజు ఎవరో పెద్దాయన వచ్చాడట. కుడి చెయ్యి వంకరట. అందరూ వెళ్లేదాకా దూరంగా నిలబడి, ఎడమ చేత్తో మట్టి వేసి, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లిపోయాడట. ఆయనెవరో మీకేమైనా తెలుసా అని అడిగింది.

ఆ ఉత్తరం పట్టుకుని సిరిసిల్ల పోయాను, చదివి వినిపించాను. "మీ నాయిన ఇరగ్గొట్టింది ఆయిన చెయ్యే అని సార్ బిడ్డకు ఎట్ల రాయాలె?" అన్నాను.

ఆమె వంగిన మోచేతిని ఒళ్లో పెట్టుకుంది.

"మీ నాయిన దోస్తని రాయి అక్కా. నువ్వెవలని నన్నడిగినోళ్లకు నేను గదే చెప్త."

జవాబు ఇంకా రాయలేదు. కలం తీస్తే చాలు, అందరూ వెళ్లిపోయిన ఆ తడిమట్టి దగ్గర ఎడమ చేత్తో గుప్పిట నింపుకుంటున్న మనిషి కనబడుతున్నాడు.