పైనేటి అసిరమ్మ

అసిరమ్మకి ఉన్నది ఒక్కటే జబ్బు. ఎవరైనా దేనికైనా ఒక ధర చెబితే, "బాగానే ఉన్నాది గానీ, పైనేటి?" అని అడక్కుండా ఉండలేదు. ఆవిడకి కావలసింది ధర కాదు, ధర వెనకాల నక్కి కూర్చున్న రెండో ధర. పిల్లి గోడ చాటున ఎంత దాక్కున్నా తోక బయటే ఉంటుందని ఆవిడ నమ్మకం. ఆ తోక పట్టుకుని లాగందే ఆవిడకి అన్నం సయించదు.

శ్రీకాకుళం వెళ్ళినప్పుడల్లా కొండబాబు కాఫీ హోటల్లో ఇడ్లీ తినడం అలవాటు.

"ఇడ్లీలోకి చట్నీ ఇందులోనేనా, పైనేటి?"

"ఇందులోదే మామ్మా."

"సాంబారో?"

"అదీ ఇందులోదే."

"రెండో మాటు ఏస్తేనో?"

"మామ్మా, నువ్వు తొట్టిలో దిగి తాగినా ఇందులోదే."

"మరి ఫేను కింద కూకుంటే పైనేటి?"

కొండబాబు గరిటె కింద పెట్టి దణ్ణం పెట్టాడు. "నీకు పుణ్యం ఉంతాది, ఒక వడ ఊరికే ఎడతాను, తినేసి ఎల్లిపో."

అసిరమ్మ వడ కేసి అనుమానంగా చూసి, "వడలోకి చట్నీ?" అంది.

శ్రీకూర్మం గుళ్ళోనూ అదే వరస. తీర్థం పుచ్చుకుంది. శఠగోపం నెత్తిన పెట్టబోతే తల వెనక్కి లాగి, "పంతులుగారూ, ఇది టిక్కెట్టులోనేనా?" అంది. ఆయన ఆవిడని కాపరానికొచ్చిన కొత్తలోంచి ఎరుగును. "నీ తలకి పైన ఉన్నది ఇదొక్కటేనమ్మా, వంచు" అన్నాడు.

ఈ జబ్బుతో అసిరమ్మకి ఏ బాధా లేదు. బాధంతా ఆవిడ తోటికోడలు దుర్గాభవానిది. అసిరమ్మ శ్రీకూర్మం దగ్గర పల్లెలో కొబ్బరితోట చూసుకుంటూ ఉంటుంది. భవాని మొగుడు గణపతిరావు ఉద్యోగం ధర్మమా అని శ్రీకాకుళంలో మేడ కట్టుకుని, గుమ్మానికి పూసల తెర కట్టుకుని, పట్నం మాట నేర్చుకుంది. తోటికోడల్ని మాత్రం ఇప్పటికీ, పల్లెలో అక్కని పిలిచినట్టు, "అప్పా" అనే పిలుస్తుంది. ఆ పిలుపు ఎంత ఉతికినా పోని రంగు.

భవాని కొడుకు పృథ్వీరాజ్ పెళ్ళిలో జరిగింది అసలు అవమానం. ఆడపెళ్ళివారు పెట్టిన ఫోటోలవాడు ఎగిరే కెమెరా తెచ్చి పందిరి మీద తిప్పుతున్నాడు. పెళ్ళికూతురు మెడలో తాళి పడింది, అక్షింతలు పడ్డాయి, ఆ వెంటనే అసిరమ్మ గొంతు పడింది.

"ఒరే బాబూ! ఆ తూనీగకి పైనేటి?"

"అది... మామ్మా... తరవాత మాట్లాడుకుందాం."

"తరవాతేటి? తూనీగ ఇప్పుడు ఎగురుతన్నాది, మాట తరవాత ఎగురుతాదేటి? సెప్పు!"

మూడొందలమంది ముందు వాడు "ఇందులోదే మామ్మా" అని ఒప్పుకోవలసి వచ్చింది. వియ్యపురాలు సుహాసిని కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి. ఆవిడ పెదవి బిగించి నేల చూపు చూసింది. ఆ చూపు భవాని గుండెలో ముల్లై దిగిపోయింది. మావాళ్ళని ఇంత చవగ్గా అనుకుంటోందన్నమాట, అనుకుంది.

అందుకే వియ్యాలవారు విశాఖపట్నంలో ఓడెక్కి నాలుగు రోజులు సముద్రం మీద తిరిగొద్దాం రమ్మంటే, పోయిన పరువు అక్కడే తిరిగి తెచ్చుకుందామని భవాని సంబరపడింది. తీరా పృథ్వీరాజ్, "పెద్దమ్మకీ టిక్కెట్టు తీసేశానమ్మా" అన్నాడు.

భవాని ఆ సాయంత్రమే పల్లెకి పరిగెత్తింది.

"అప్పా, ఓడెక్కింది మొదలు దిగేదాకా నీ నోట ఆ మాట రాకూడదు."

"ఏ మాటే?"

"అదే. పైనేటి."

"అడక్కపోతే ఎలగే? సముద్రం మజ్జిలో ఆపీసి, ఒడ్డుకి తీసుకెళ్ళడానికి పైన ఇమ్మంతేనో?"

"అదిగో! కూర్మనాథస్వామి మీద ఒట్టెయ్యి."

అసిరమ్మ కొబ్బరిచెట్ల కేసి చూసింది, ఆకాశం కేసి చూసింది, చివరికి భవాని నెత్తిన చెయ్యి వేసి ఒట్టేసింది. ముసలిదానికి నోరు కట్టెయ్యడం కంటే ఏటికి అడ్డుకట్ట వెయ్యడం సులువు. అయినా వేసింది.

ఓడ ఎక్కారు. వాళ్ళ గదులు చూసే రాబర్ట్‌ది శ్రీకాకుళం జిల్లా భావనపాడు. అసిరమ్మ నోరు విప్పగానే "మామ్మా, మనూరోలా?" అని మురిసిపోయాడు. భవాని వియ్యపురాలితో షికారుకి వెళ్ళింది. గణపతిరావు కడుపులో తిప్పి మంచం ఎక్కాడు.

"బాబూ, తిండి సంగతేటి?" అంది అసిరమ్మ.

"భోజనం పైన మామ్మా" అన్నాడు రాబర్ట్, తువ్వాళ్ళు మడతపెడుతూ.

అసిరమ్మ మొహం తెల్లబోయింది. పైనా! ఇంత టిక్కెట్టు తీసుకుని అన్నం పైనా! నాలుక చివరిదాకా మాట వచ్చింది. ఒట్టు అడ్డం పడింది. మింగేసింది. సంచిలోంచి అటుకుల పొట్లం తీసి, బెల్లం ముక్క కొరుక్కుంటూ గుండ్రటి కిటికీలోంచి సముద్రాన్ని తిట్టుకుంది.

"భోంచేశావా అప్పా?" అంది భవాని వచ్చి.

"ఆకలి నేదే. భవానీ, ఒక్క మాటు ఆ ఒట్టు తీసి గట్టుమీద ఎట్టీనా?"

"గట్టెక్కడుందప్పా? చుట్టూ నీళ్ళే."

మర్నాడు పొద్దున్న "టిఫిను పైన మామ్మా" అన్నాడు రాబర్ట్. మళ్ళీ అటుకులు. మధ్యాహ్నం గది తుడవడానికి వచ్చేసరికి ముసలమ్మ పొట్లం అడుగున పలుకులు ఏరుకుంటోంది.

"ఇదేటి మామ్మా, పైన అంత తిండి పెట్టుకుని?"

"అదే బాబూ, పైన అన్నావు కదా. నా నోరు ఒట్టులో ఉన్నాది, అడగనేను. అడక్కుండా తిననేను."

రాబర్ట్‌కి అర్థం కావడానికి కాస్సేపు పట్టింది. అర్థమయ్యాక చీపురు పట్టుకుని గోడకి జారబడి నవ్వాడు. "పైనంటే పై అంతస్తు మామ్మా! మేడ మీద! అదంతా మీ టిక్కెట్టులోదే. ఎంత తింటే అంత."

"ఓరి నీ జిమ్మడిపోనూ! నిన్నట్నుంచి ఎండగట్టీసినావు కదరా!"

"ఇంకో మాట విను. కింద డెక్కు మీద సెక్కబల్లల ఒటేలు ఉన్నాది సూడు, పిజ్జాలూ నూడుల్సూ ఏస్తారు. అది మట్టుకు పైన."

"అంటే పైనున్నది లోపలిది, కిందున్నది పైనదీనా?"

"అంతే. మునుపు అదీ టిక్కెట్టులోనే ఉండీది. బల్లలు అవే, తిండీ అదే. ఇప్పుడు డబ్బులేసినారు. ఆ ముక్క మెనూ అట్ట అడుగున సీమ తలకాయంత అక్షరాల్లో రాసినారు. జనం తెలీక కూకుంటారు, బిల్లు సూసి తగువాడతారు. దాని మీద టేక్సు, ఆ మీద సర్వీసు."

"పైన మీద పైన, ఆ పైన ఇంకో పైన! మేడే కట్టీసినారు!" అంది అసిరమ్మ. కడుపులో ఆకలి లేకపోతే ఆ తోక అక్కడే పట్టుకుని లాగేదే. ముందు పై అంతస్తుకి పోయి, పులిహోర దగ్గర మొదలుపెట్టి చేపల కూర మీదుగా గులాబ్ జాం దాకా ఎక్కడా ఆగకుండా నడిచింది.

పొద్దు వాలింది. కింద డెక్కు మీద గాలి బాగుంది. ఆ చెక్కబల్లల హోటలుకి తెల్లగుడ్డలు లేవు, పూలకుండీలు లేవు. పిల్లలు చెప్పులీడ్చుకుంటూ వచ్చి కూర్చుంటున్నారు. ఇంత మామూలుగా ఉన్నది ఊరికే కాక ఇంకేమవుతుందనుకుంది భవాని. నాగరీకం నేర్చినవాళ్ళు పడే గొయ్యి ఇదే. ఖరీదైనది ఖరీదుగానే కనిపిస్తుందనుకుంటారు.

"వదినగారూ! ఈ సాయంత్రం అందరికీ మా తరఫున. కాదనకూడదు" అంది.

సుహాసిని ఏదో అనబోయి ఆగిపోయింది. ఆవిడ మొగుడు, ఇద్దరు ఆడపడుచులు, వాళ్ళ పిల్లలు, కొత్త దంపతులు అందరూ రెండు బల్లలు కలిపి కూర్చున్నారు. మెనూ అట్టలు వచ్చాయి. భవాని తన అట్ట తెరవనైనా తెరవలేదు. ఊరికే వచ్చేదానికి అట్టెందుకు? "ఏం కావాలంటే అది చెప్పండి. మొహమాటపడితే నా మీద ఒట్టే" అంటూ మహారాణిలా చెయ్యి ఊపింది. ఆ చేతి సంచిలో ఉన్నది ఒక జేబురుమాలు, నాలుగు యాలక్కాయలు. ఓడలో ఏది కొన్నా ఓడవాళ్ళ కార్డుతోనే కొనాలి, అందులో డబ్బు వేయించుకోవడం గణపతిరావు పని. ఆయన గదిలో బకెట్టు పట్టుకుని ఉన్నాడు.

సరిగ్గా అప్పుడు అసిరమ్మ, పైన సాయంత్రం ఫలహారం కూడా కానిచ్చి, త్రేనుస్తూ మెట్లు దిగింది.

బల్లలు చూసింది. అట్టలు చూసింది. భవాని ఊపుతున్న చెయ్యి చూసింది. పక్కబల్ల దగ్గర ఒకాయన బిల్లు పట్టుకుని వడ్డించే కుర్రాడితో గట్టిగా మాట్లాడుతున్నాడు. అసిరమ్మ నోరు తెరుచుకుంది. భవాని వద్దప్పా, వద్దని కళ్ళతోనే కాళ్ళు పట్టుకుంది.

అసిరమ్మ నోరు మూసింది. మళ్ళీ తెరిచింది.

"ఓలమ్మో! ఎంత పని సేసినారు! లెగండి, లెగండి!"

"ఏమైంది పెద్దమ్మా?" అన్నాడు పృథ్వీరాజ్.

"నానొక ఒట్టేసుకున్నాన్రా. కూర్మనాథస్వామి మీద. ఓడ మీద ఉన్నన్నాళ్ళూ పొద్దుగూకితే ఆ పెద్ద మేడమీదే తినాల, నా వోళ్ళందరూ నా పక్కన కూకోవాల. ఒక్కరు తక్కువైనా నాను పస్తే."

"ఇప్పుడే తినొచ్చినట్టున్నారు?" అన్నాడు వియ్యంకుడు.

"ఏటి తిన్నాను బావా, నిన్నట్నుంచి అటుకులే! కావాలంతే రాబర్టునడుగు." ఇది నిజమే, కాకపోతే ఆ రోజు మధ్యాహ్నం దాకా.

పిల్లలు పకపకా నవ్వారు. ఒక ఆడపడుచు ముక్కున వేలేసుకుంది. భవాని చెవులు ఎర్రబడ్డాయి. అందరికంటే ముందు సుహాసిని లేచింది, కుర్చీలో పిన్నీసు గుచ్చుకున్నట్టు. "పెద్దావిడ మాట కాదంటామా? పదండి, పైకే పోదాం."

పైన అందరూ కడుపునిండా తిన్నారు. అసిరమ్మ కూడా, ఒట్టు నిలబెట్టడానికి, నిండిన పొట్టలో రెండోసారి భోజనం కుక్కింది. భవాని ఆవిడతో ఒక్క మాట మాట్లాడలేదు. మంచం మీద కూడా అటు తిరిగి పడుకుంది.

దిగే రోజు పొద్దున్న డెక్కు మీద భవాని నిలబడి ఉన్న కమ్మీ దగ్గరికి సుహాసిని వచ్చింది.

"వదినగారూ, ఒక మాట చెప్తాను, నవ్వకండి. ఆ సాయంత్రం మీరు అందర్నీ పిలిచేసరికి నాకు గుండె జారింది. అది టిక్కెట్టులో లేదు, విడిగా డబ్బులు. అట్ట అడుగున చదివాను."

భవాని కమ్మీ పట్టుకుంది. "లేదా?"

"చెబితే మీరు చిన్నబుచ్చుకుంటారేమోనని నోరు మూసుకున్నాను. అన్నేళ్ళు ఇంగ్లీషు చెప్పిన నోరు, చదివింది చెప్పలేకపోయింది! మీ అక్కగారు ఒట్టని లేపారు గానీ, లేకపోతే ఏమయ్యేది? పెళ్ళిలోనూ అంతే. ఆ ఎగిరే కెమెరాకి వాడెంత గుంజుతాడో అని అప్పటికి వారం నుంచి నలిగిపోతున్నాం, అడగడానికి సిగ్గు. ఆవిడ ఒక్క కేకతో తేల్చేశారు. నవ్వొచ్చి పెదవి బిగబట్టుకుని నేల చూడాల్సి వచ్చింది."

"కెమెరా సంగతేమో గానీ, ఇది మా అప్పకి తెలీదు వదినగారూ. ఏదో పిచ్చి ఒట్టు..."

తువ్వాళ్ళు మోసుకుపోతున్న రాబర్ట్ ఆగాడు. "మామ్మకి తెలీకేటి మేడం? ఆ రోజు మజ్జాన్నమే అంతా సెప్పినాను. మేడే కట్టీసినార్రా అని ఓడోళ్ళని తిట్టింది కూడాను."

భవాని గదికి వెళ్ళేసరికి అసిరమ్మ పెట్టె మీద కూర్చుని మూత నొక్కుతోంది. భవానీ వెళ్ళి పక్కన కూర్చుంది. ఇద్దరి బరువుకి మూత పడింది.

"అప్పా, తెలిసీ నాతో ఒక్క మాట అనలేదేం?"

"ఎలగంతాను? ఆ మాట అననని నువ్వే కదే ఒట్టేయించినావు."

"మరి మేడ మీద భోజనం ఒట్టు? అది నేనెప్పుడు వేయించాను?"

"అదా?" అంది అసిరమ్మ, తాళం తిప్పుతూ. "అది నీ ఒట్టుకి పైన."

భవాని నవ్వింది. కొంగు నోట్లో కుక్కుకుని, పట్నం మాటంతా మరిచిపోయి, "ఓలప్పా" అంటూ నవ్వింది.

"నవ్వకే. దేవుడి పేరున అబద్దపు ఒట్టేసినాను. ఇంటికెల్లే లోపల శ్రీకూర్మం ఎల్లి లెంపలేసుకోవాల, నేకపోతే నిద్దర పట్టదు."

విశాఖపట్నం రేవులో దిగారు. గేటు బయట శ్రీకాకుళం కార్లవాళ్ళు మూగారు. అందులో ఎల్లాజీ అనే డ్రైవరు ముందుకొచ్చి ధర చెప్పాడు. గణపతిరావు తలూపబోయాడు. వియ్యాలవారు నలుగురూ చూస్తూ ఉండగా భవాని మొగుణ్ణి పక్కకి జరిపి ముందుకొచ్చింది.

"బాగానే ఉన్నాది గానీ బాబూ, ముందు శ్రీకూర్మం పోవాల. మా అప్పకి గుళ్ళో పనుంది. దానికి పైనేటి?"

డ్రైవరు తల గోక్కున్నాడు. వెనకనుంచి సుహాసిని, "ఏసీ సంగతి కూడా అడగండి వదినగారూ" అంది మెల్లిగా.

అసిరమ్మ కంగారుపడిపోయి భవాని కొంగు పట్టుకు వెనక్కి లాగింది.

"ఒలే ఒలే! ఊరుకోయే! వియ్యాలోరి ముందు ఆ మాటలేటే? పరువు పోదేటి?"